ఇరవై మూడు వేలిముద్రలు

"ఈ ఇరవై మూడు వేలిముద్రలూ ఒకే వేలివి," అన్నాడు ఆదిశేషు.

బల్లకి అవతల నిలబడ్డ అమ్మాయి భుజానున్న గుడ్డసంచి సర్దుకుంది. బల్ల మీద పరిచిన తీర్మానం కాగితం వంక ఒకసారి, అతని మొహం వంక ఒకసారి చూసింది.

"ఎవరిది సార్ ఆ వేలు?"

"అది మీకే తెలియాలి. కాగితం రాసింది మీరే, తెచ్చిందీ మీరే."

"అంటే నాదంటారు."

"నేననలేదు."

"అనకుండానే అన్నారుగా."

అది 1984 ఫిబ్రవరి. మండలాలు ఇంకా రాలేదు, పంచాయతీ సమితులే ఉన్నాయి. ఊళ్ళలో మహిళా మండలి వాళ్ళో యువజన సంఘం వాళ్ళో ఏదన్నా కట్టుకోదలిస్తే సమితికి అర్జీ పెట్టుకునేవాళ్ళు. సగం ఖర్చు సర్కారు గ్రాంటుగా ఇచ్చేది. మిగతా సగం సంఘం వాళ్ళు స్థలంగానో, కూలిగానో, ఇటుకగానో పెట్టుకోవాలి. అర్జీతో పాటు సభ్యులందరూ సంతకాలు చేసిన తీర్మానం జత చేయాలి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయాలి. ఆ కాగితాలు సరిచూసే ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు ఉద్యోగంలో ఆదిశేషు చేరి ఏడాదిన్నర అయింది. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు.

వేలిముద్రల విషయంలో అతనికి కాస్త పేరుంది. కిందటేడు ఒక యువజన సంఘం వాళ్ళు ముప్పై మంది సభ్యుల్ని ఒకే ఒక్క మనిషి పది వేళ్ళతో పుట్టించారు. దాన్ని భూతద్దం పెట్టి పట్టుకున్నది ఇతనే. బి.డి.ఓ. జానకిరామయ్య గారు పదిమందిలో భుజం తట్టారు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడికి అలాంటి మెప్పు ఒకసారి దొరికితే, ఇక కనపడిన ప్రతి వేలిముద్రా దొంగదిలాగే కనపడుతుంది. మెరకపాలెం మహిళా మండలి తీర్మానం చూడగానే అతనికి అనుమానం వచ్చింది. ఇరవై మూడు ముద్రలూ నల్లటి మచ్చల్లా ఉన్నాయి. ఒక్కదాంట్లో ఒక్క గీత లేదు. ఒకే వేలు కావాలని అలికి వేసినట్టున్నాయి. అతను ఎర్రసిరాతో 'నకిలీ ముద్రలు, తిరస్కరించదగినది' అని ఫైల్లో రాసి సంతకం పెట్టేశాడు.

అర్జీ తిరస్కరించినట్టు ఉత్తరం అందుకుని వచ్చింది మండలి కార్యదర్శి. పేరు జ్ఞానప్రసూనాంబ. ఊళ్ళో అంతా ప్రసూన అంటారు. ఇంటర్ పాసైంది. ఇరవై నాలుగు మంది సభ్యుల్లో చదువొచ్చింది ఈమె ఒక్కతికే. సభ్యుల లెక్కలో ఇరవై నాలుగోది ఈమె సంతకం.

ప్రసూన బల్ల మీదున్న స్టాంపు ప్యాడు తనవైపు లాక్కుంది. బొటనవేలు అద్ది, ఒక తెల్లకాగితం మీద గట్టిగా నొక్కింది. తీసేసరికి గీతలన్నీ పూసగుచ్చినట్టు పడ్డాయి.

"ఇది నా వేలు సార్. మీ భూతద్దం తీసి చూసుకోండి. అందులో ఇది ఎక్కడుందో చెప్పండి."

ఆదిశేషు చూశాడు. లేదు.

"అయితే ఇంకెవరిదో."

"ఎవరిదో తెలుసుకోవాలని లేదా మీకు?"

"ఉంది."

"అయితే మా ఊరు రండి. పొద్దుటో సాయంత్రమో కాదు. పని జరిగే వేళకి రండి," అని ఆమె వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర అటెండరు జాన్ బాషా తప్పుకుని దారిచ్చాడు. ఆమె వెళ్ళాక లోపలికి వచ్చి, "నిజం చెప్పేవాళ్ళు ఇట్టాగే మాట్లాడతారు సార్," అని ఎవరూ అడక్కుండానే చెప్పి టీ గ్లాసులు తీసుకుపోయాడు.

ఆ మాట ఆదిశేషుకి రుచించలేదు. వారం రోజులు మెరకపాలెం పోకుండా ఏవేవో పనులు కల్పించుకున్నాడు. ఎనిమిదో రోజున స్టాంపు ప్యాడు జేబులో వేసుకుని బస్సెక్కాడు.

*

ప్రత్తిపాడు దాటాక బస్సు దిగి మైలున్నర నడిస్తే మెరకపాలెం. ఊరి ముందే మిరప కల్లాలు. ఎండలో ఎర్రటి రాసులు. ఆదిశేషు పుట్టింది ఒంగోలు దగ్గర పొగాకు పల్లెలో. పొగాకు గురించి ఏదడిగినా చెబుతాడు. మిరపకాయ గురించి అతనికి తెలిసిందల్లా పచ్చట్లో ఎంత వేయాలో అంతే.

కల్లంలోకి అడుగుపెట్టగానే అక్కడివాళ్ళు కోరు అనే మిరప ఘాటు ముక్కులో దూరింది. వరసగా ఏడు తుమ్ములు. కళ్ళవెంట ధారలు. రాశి చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు చేతులాపకుండా తలలెత్తి చూశారు.

"ఎవరే ఆ అబ్బాయి, అట్టా ఏడుస్తున్నాడు?"

"సమితి ఆఫీసరంట. మనకి గ్రాంటు రాకుండా చేశాడుగా. దానికే ఏడుస్తున్నాడేమో పాపం."

అందరూ నవ్వారు. ప్రసూన మాత్రం నవ్వలేదు. కల్లం చివర నాలుగు కర్రలకి గోనెపట్టాలు కట్టిన పందిరి కింద ఉంది ఆమె. చుట్టూ పది పన్నెండు మంది చంటిపిల్లలు. ఒకణ్ణి చంకనేసుకుని ఇంకొకదానికి గంజి తాగిస్తోంది. తల్లులు కాయ దగ్గర కూర్చునేప్పుడు పిల్లల్ని కనిపెట్టుకునుండటం ఆమె పని. అడిగి పెట్టించుకున్న పని కాదు. చూడలేక నెత్తినేసుకున్నది.

"వచ్చారా," అంది అంతే. తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మా, సారుకి నీ వేలు చూపించు," అంది.

వెంకటరావమ్మ ముందున్న కాయలు పక్కకి తోసి చేయి చాపింది. కాయ తొడిమని అక్కడ ముచ్చిక అంటారు. ముచ్చిక తీసిన కాయకే మంచి ధర. ఎడమచేత కాయ పట్టి, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముచ్చిక పట్టి తుంచాలి. రెండో కాయకి చేతులు మారతాయి. పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఎన్ని వేల కాయలో ఎవరికీ లెక్క తెలీదు. ఆ ఘాటుకి తోలు మండి, పొరలు లేచి, మళ్ళీ కొత్త తోలు వచ్చి, అదీ అరిగి, ఆ వేలు చివర నున్నగా మెరుస్తోంది.

ఆదిశేషు ప్యాడు తెరిచాడు. ఆమె అద్ది కాగితం మీద వేసింది. నల్లటి మచ్చ. గీత లేదు.

పక్కనున్న రాజ్యం చేత వేయించాడు. మచ్చే. ఆ పక్కామె. మచ్చే. ఆరుగురయ్యేసరికి అతనికి సంగతి తెలిసిపోయింది. అయినా ఆపలేదు. ఇరవై మూడు మందీ ఒకరి తర్వాత ఒకరు వచ్చి వేశారు. ఫైల్లో ఉన్నవే మళ్ళీ అతని కళ్ళ ముందు పడ్డాయి.

"మా వేళ్ళు చూసి దొంగలనుకున్నావంటగా నాయనా," అంది వెంకటరావమ్మ. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

పందిరి కింది నుంచి మూడేళ్ళ పిల్ల ఒకత్తి నడిచొచ్చి రాజ్యం ఒళ్ళో కూర్చుంది. ఎడమ కన్ను తెల్లగా పొర కమ్మి ఉంది. ఆదిశేషు చూసి చూపు తిప్పుకున్నాడు.

"నిరుడు కాయల్లో ఆడుకుని ఆ చేత్తోనే కళ్ళు నులుముకుంది," అని చెప్పింది ప్రసూన. "మేం చూసేసరికి ఆలస్యమైంది. గుంటూరు తీసుకెళ్ళాం. రెండో కన్ను దక్కింది. పిల్లలకి నాలుగు గోడలూ ఒక తలుపూ ఉంటే చాలనుకున్నాం. బాలవాడికని మా అమ్మ ఇంటి వెనక దొడ్డి రాసిచ్చింది. మట్టిపనీ మోతపనీ మేమే చేసుకుంటాం. మిగతాదానికే మీ దగ్గరికొచ్చింది."

ఆదిశేషుకి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, ఎక్కడికన్నా పోయి మొహం కడుక్కున్నా పోని సిగ్గు.

"తప్పయిపోయింది ప్రసూన గారూ. నన్ను..."

"నాకు చెప్పి ఏం లాభం సార్? మీరు తప్పు రాసింది ఫైల్లో. తుడవాల్సింది అక్కడ."

*

జానకిరామయ్య గారు చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా కాగితాలతో కాపురం చేస్తున్నవాడు, అంతే.

"నువ్వు కల్లానికెళ్ళి చూశావు, బాగుంది," అన్నారు కళ్ళజోడు తీసి. "రేపు ఆడిట్ వాడు కల్లానికి రాడయ్యా. కాగితం చూస్తాడు. కాగితం మీద గీతల్లేవు. పైన నువ్వే నకిలీ అని రాశావు. ఒకసారి ఆ మాట పడ్డాక ఈ ఏడు ఆ సంఘానికి ఇవ్వకూడదు."

"ఇప్పుడు మళ్ళీ వేయించినవి ఉన్నాయి కదండీ. నా ఎదురుగా వేశారు."

"అవీ మచ్చలేగా. మొదట కాదన్నవాడు ఇప్పుడెందుకు ఔనంటున్నాడని అడుగుతారు. ఇంటర్ చదివిన పడుచుపిల్ల కార్యదర్శి అట. ఆ మాట కూడా అడుగుతారు."

ఆదిశేషు చెవులు ఎర్రబడ్డాయి.

"టౌను లేడీస్ క్లబ్బు వాళ్ళ అర్జీ కూడా ఉంది," అన్నారాయన మెత్తగా. "అన్నీ ముత్యాల్లాంటి సంతకాలు. ఉన్నది ఒక్క గ్రాంటు. మార్చి ఇరవైలోగా ఎవరికో ఒకరికి రాసి పంపకపోతే నెలాఖరుకి వెనక్కి పోతుంది. మిరపకాయ తుంచితే వేలిగీతలు పోతాయని రుజువు తెచ్చిపెట్టు. నీ రాత నేనే కొట్టేస్తాను."

ఆదిశేషు ఆ సాయంత్రం తన సర్వీసు రిజిస్టరు అడిగి తీయించాడు. మొదటి పేజీలో ఉద్యోగంలో చేరిన రోజు వేసిన అయిదు వేళ్ళ ముద్రలున్నాయి. ఒక్కో గీతా విడివిడిగా ఉంది. చాలాసేపు చూశాడు. మర్నాడు పన్నెండు రోజులకి సెలవు చీటీ పెట్టాడు.

"పెళ్ళిచూపులా సార్?" అన్నాడు జాన్ బాషా.

"కాదు. మిరపకాయలు," అన్నాడు ఆదిశేషు.

*

మర్నాడు పొద్దున్నే అతను కల్లంలోకి వచ్చి రాశి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేసరికి ఆడవాళ్ళందరూ చేతులాపేశారు. కాయ రేటు పడిపోయిన రోజున కూడా ఆ చేతులు అలా ఆగలేదు.

ప్రసూన గబగబా వచ్చింది.

"ఏమిటిది?"

"ముచ్చికలు తీయడానికొచ్చాను."

"జాలా? మా మీద జాలి చూపించి మీ మనసు తేలిక చేసుకుందామనా?"

"నా వేలితో పనుందండీ."

"మీ మాటలు నాకర్థం కావు."

"పదిరోజులయ్యాక అర్థమవుతాయి. ఈలోపు ముచ్చిక ఎలా పట్టుకోవాలో మీ అమ్మగారిని చెప్పమనండి."

వెంకటరావమ్మ నవ్వి దగ్గరికి జరిగింది. "లాగబాకు నాయనా, తుంచు. లాగితే కాయ చిట్లి గింజలు రాలతయ్యి. అద్గదీ. అట్టా."

మధ్యాహ్నానికి వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టయ్యాయి. అన్నం కలుపుకోలేకపోయాడు. రాజ్యం చెంచా తెచ్చిచ్చింది. పొరపాటున చెమట తుడుచుకుని కన్ను మంటెక్కి, అరగంట సేపు బావి దగ్గర నీళ్ళు కొట్టుకున్నాడు. ఆ అరగంటా అతనికి ఆ మూడేళ్ళ పిల్ల తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

మూడో రోజున ప్రసూన ఒక ముంతలో మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది.

"తాగడానికి కాదు. చేతులు ముంచండి."

"మీకు నా మీద కోపం తగ్గిందా?"

"చేతుల మీద లేదు."

అయిదో రోజుకి కోపం ఇంకా ఎంత మిగిలుందో ఆమెకే లెక్క దొరకలేదు. పిల్లలు నిద్రపోయే వేళ ఆమె కూడా వచ్చి రాశికి ఇవతల కూర్చునేది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో చెప్పమంటే పెద్దగా ఏమీ లేదు. ఆమెకి శ్రీకాళహస్తి మొక్కువల్ల ఆ పేరొచ్చిందని, అతనికి చిన్నప్పుడు పొగాకు ఆరబెట్టే బ్యారనీ గదిలో దాక్కుంటే ఊరంతా వెతికారని, ఇలాంటివే. కానీ అతను మాట్లాడుతుంటే ఆమె అతని చేతుల వంకే చూసేది. తోలు లేచి, పొరలు ఊడి, ఎర్రగా ఉబ్బిన ఆ వేళ్ళని చూస్తే ఆమెకి బాధ కలిగేది. ఆ బాధని ఏమనాలో ఆమెకి తెలుసు. తెలిసే భయపడింది.

ఏడో రోజున సంగతి అర్థమైంది. "మీ వేలిగీతలు చెరుపుకుంటున్నారు," అంది నెమ్మదిగా.

"ఔనండి."

"మాకోసమా?"

"నేను రాసిన అబద్ధం కోసం."

ఆ పూట మజ్జిగ ముంత పెట్టేటప్పుడు ఆమె, మునుపట్లా దూరంగా పెట్టి వెళ్ళకుండా అతను చేతులు తీసేదాకా ముంత పట్టుకుని కూర్చుంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, మార్చిలో రాకూడని వాన వచ్చింది.

మబ్బు పట్టిందీ కురిసిందీ ఒక్కసారే. కల్లమంతా పరుగులు. తడిస్తే ఏడాది పంట బూజుపట్టి పోతుంది. ఆడవాళ్ళు పట్టాలు లాగి రాశి మీద కప్పుతున్నారు. పిల్లల పందిరి గాలికి లేచి పక్క చేలో పడింది. పన్నెండు మంది పసివాళ్ళు వానలో గొల్లుమన్నారు. ప్రసూన ఇద్దర్ని ఎత్తుకుంది, మిగతావాళ్ళు కాళ్ళని కరుచుకున్నారు. తల్లులు అటు చూస్తున్నారు, చేతిలో పట్టా వదల్లేకపోతున్నారు.

ఆదిశేషు ఒక పట్టా లాక్కొచ్చి పిల్లల మీద వేసి ఒక కొస తను పట్టుకున్నాడు. రెండో కొస ప్రసూన పట్టుకుంది. మధ్యలో పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు ముడుచుకు కూర్చున్నారు. వాన పట్టా మీద దబదబా పడుతోంది. అరగంట అలాగే నిలబడ్డారు. ఆమె జుట్టులోంచి నీళ్ళు మొహం మీదికి కారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అతనికీ లేవు. తుడవాలని ఎంత అనిపించిందో అతని కళ్ళు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఆమె చూసింది.

"ప్రసూన గారూ, నేనొక మాట..."

"వద్దు."

"ఏమిటో వినకుండానే వద్దంటారేం?"

"ఏమిటో తెలుసు కాబట్టి. ఆ మాట మీరు అన్నా, నేను విన్నా ఈ ఫైలు చచ్చిపోతుంది." ఆమె పట్టా కింది పిల్లల వైపు చూసింది. "ఆఫీసరు మనసుపడ్డ పిల్ల సంఘమని గ్రాంటిచ్చారంటారు. మీ వేలి మీద గీతలు పోగొట్టుకుని మీరు తెచ్చిన రుజువు కూడా నాటకమంటారు. ఈ పిల్లలకి గోడలు లేవాలి. ఆ తర్వాతే నేనైనా, మీరైనా."

ఆదిశేషు తల వంచుకున్నాడు. ఆమె చెప్పింది నిజం. అందులో 'నేనైనా' అన్న మాట కూడా ఉందని అతనికి కాసేపటికి గాని తట్టలేదు. తట్టాక పట్టా కొస ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

*

మార్చి పందొమ్మిదిన అతను జానకిరామయ్య గారి ముందు ప్యాడులో బొటనవేలు అద్ది కాగితం మీద వేశాడు. పక్కన సర్వీసు రిజిస్టరు తెరిచి పెట్టాడు.

ఆయన భూతద్దం పట్టుకుని రెండూ మార్చి మార్చి చూశారు. కొత్తదాంట్లో గీతలు సగానికి పైగా లేవు. ఉన్నవి కూడా అలుక్కుపోయాయి.

"ఇది నీ వేలేనా?"

"మీ ఎదురుగానే వేశానుగదండీ. పదకొండు రోజులు తీస్తేనే ఇంత పోయింది. వాళ్ళు పదిహేనేళ్ళుగా తీస్తున్నారు."

ఆయన భూతద్దం పక్కన పెట్టారు. ఆదిశేషు రాసి తెచ్చిన కాగితం చదివారు. అందులో మహిళా మండలి నిర్దోషి అని ఉంది. విచారణ చేయకుండా నకిలీ అని రాయడం తన పొరపాటని ఉంది. దానికి తనే బాధ్యుడినని ఉంది.

"నీ మీద నువ్వే రాసుకున్నావు. దీన్ని పంపితే నీకు మెమో వస్తుంది. ప్రొబేషన్ ఆర్నెల్లు పొడిగిస్తారు."

"పంపండి. దాంతోపాటు ఇదీ పంపండి."

రెండో కాగితం ఒంగోలుకి బదిలీ కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు. జానకిరామయ్య గారు కళ్ళజోడు పైనుంచి అతని వంక చూశారు.

"గ్రాంటు సగం ఇప్పుడొస్తుంది, సగం గోడలు లేచాక. ఆ కొలతలు నేను కాకుండా వేరేవాళ్ళు తీస్తే బాగుంటుందండీ," అన్నాడు ఆదిశేషు.

ఆయనకి పెళ్ళీడు కూతుళ్ళున్నారు. ఇంకేమీ అడగకుండా ఆ ఎర్రసిరా రాత కొట్టేసి, కాగితాల మీద సంతకాలు చేశారు.

*

బదిలీ కాగితం చేతికొచ్చిన రోజున అతను మెరకపాలెం వెళ్ళలేదు. ఒంగోలు వెళ్ళాక ఉత్తరం రాయలేదు. ఆమె కూడా రాయలేదు. రాయకూడదని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోలేదు కూడా.

ఆర్నెల్లలో అతని వేళ్ళకి కొత్త తోలొచ్చింది. పోయిన గీతలన్నీ తిరిగొచ్చాయి. వచ్చినందుకు అతనికి ఏమంత సంతోషం కలగలేదు. ఆఫీసులో పని బాగానే చేశాడు. ప్రతి అర్జీకీ స్వయంగా ఊరు వెళ్ళి చూసి గాని రాయడంలేదని పై ఆఫీసర్లు విసుక్కునేవాళ్ళు. ఇంట్లో సంబంధాలు తెస్తే ఇప్పుడే వద్దన్నాడు. వాళ్ళ నాన్న, "ఎప్పుడు కావాలో అదన్నా చెప్పరా," అంటే, "గోడలు లేవాలి నాన్నా," అని నోరు జారాడు. ఆ పెద్దాయన, కొడుకు ఇల్లు కట్టాలనుకుంటున్నాడేమోనని ఇటుక రేట్లు కనుక్కొచ్చాడు.

నిజానికి ఆ నెలలు అతనికి చాలా కష్టంగా గడిచాయి. ఆమె మనసు మారదని అతనికి నమ్మకం. కానీ ఆమె ఒక్కతే పదిమందికి సమాధానం చెప్పుకుంటూ, ఇసుకకీ సిమెంటుకీ తిరుగుతూ ఉంటే, ఒక్కరోజన్నా వెళ్ళి తట్ట అందుకోలేకపోతున్నానే అని ఏడుపొచ్చేది.

జనవరి నెలలో పోస్టులో ఒక కార్డు వచ్చింది. మెరకపాలెం మహిళా మండలి బాలవాడి ప్రారంభం, అందరూ ఆహ్వానితులే. కింద చేత్తో రాసిన మాట ఒక్కటీ లేదు. అతను దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ వెతికాడు.

అయినా వెళ్ళాడు. కావాలనే ఒకరోజు ఆలస్యంగా వెళ్ళాడు. ప్రారంభం రోజు ఆఫీసర్లుంటారు, వాళ్ళ మధ్య నిలబడటం ఇష్టంలేదు.

వెంకటరావమ్మ దొడ్లో పెంకుల కప్పు వేసిన పొడుగాటి గది. రెండు కిటికీలు, ఒక తలుపు. తలుపు దగ్గరగా వేసుంది. మధ్యాహ్నం. కాయ కోతలు మొదలయ్యాయి, ఆడవాళ్ళలో సగంమంది కల్లంలోనే ఉన్నారు. లోపల పద్నాలుగు మంది పిల్లలు చాప మీద వరసగా నిద్రపోతున్నారు. కిటికీలోంచి చూస్తూ అతను కాసేపు అలాగే నిలబడిపోయాడు.

"నిన్న రాలేదేం?" అన్న మాట వెనక నుంచి వినపడింది.

ప్రసూన. కాస్త చిక్కింది. చేతిలో ఒక కాగితం ఉంది.

"నిన్న రాకూడదనిపించింది."

"మంచిపనే చేశారు. నిన్న సాయంత్రమే అయింది ఇది. చదవండి."

అది ఖర్చు ధ్రువపత్రం. గ్రాంటు అంతా అనుకున్న పనికే వాడారని, పని పూర్తయిందని, ఫైలు ముగించవచ్చని ఉంది. కింద కొత్త ఎక్స్‌టెన్షన్ ఆఫీసరు సంతకం, జానకిరామయ్య గారి సంతకం ఉన్నాయి.

"ఇక ఈ సంఘానికీ మీకూ ఏ సంబంధమూ లేదు," అంది ప్రసూన. "ఇప్పుడు చెప్పండి."

పదినెలలుగా లోపల దాచుకున్న మాట. ఒంగోలు నుంచి బస్సులో వస్తూ పదిసార్లు వల్లించుకున్న మాట. తీరా ఆమె అలా ఎదురుగా నిలబడి చెప్పమనేసరికి ఆదిశేషు కాగితం ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. మళ్ళీ తీసుకున్నాడు.

"మీరంటే నాకు ప్రాణం ప్రసూనా," అన్నాడు చివరికి. 'గారు' అనడం మర్చిపోయాడు.

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"నాకూ అంతే. కానీ ముందు ఒకటి వినండి. ఈ గదికి నేనే టీచర్ని. జీతం ఎంతన్నది వేరే సంగతి. నేను పోతే ఈ తలుపుకి తాళం పడుతుంది. ఆ గోడలు లేవడానికి ఇరవై మూడు మంది పనయ్యాక వచ్చి మట్టి మోశారు. ఒంగోలు రమ్మంటే నేను రాలేను. ఏడుస్తూ అయినా సరే, రానంటాను."

వెంకటరావమ్మ ఎప్పుడొచ్చిందో, కల్లం నుంచి కొంగు దులుపుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. కూతురి చివరి మాటలు విన్నది.

"దాని మాట నా మాటే నాయనా," అంది. "మా పిల్ల ఊరు దాటదు. నువ్వు మంచోడివి. నీ మనసు కష్టపెట్టాలని కాదు. కుదరదనుకుంటే ఇప్పుడే చెప్పు. దాన్ని ఇంకా ఎదురుచూడనియ్యబాకు."

ఆదిశేషు చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"ఇక్కడికి దగ్గరని చిలకలూరిపేటలో ఖాళీ ఉంటే దరఖాస్తు పెట్టానండీ. పెట్టి రెండు నెలలయింది. మొన్న ఆర్డరొచ్చింది."

ప్రసూన ఆ ఆర్డరు అందుకుని అందులో రాసున్న దరఖాస్తు తేదీ చూసింది. నవంబరు నెలది.

"కార్డు రాకముందే పెట్టారు. నేనేమంటానో తెలీకుండానే పెట్టారు. ఒకవేళ నేను వద్దనుంటే?"

"రోజూ సాయంత్రం బస్సులో ఇటువైపు ఒకసారి వచ్చి, ఈ తలుపు తీసి ఉందో లేదో చూసుకుని వెళ్ళేవాణ్ణి," అన్నాడు ఆదిశేషు.

ఆమె ఇంక నిలబడలేక అరుగు మీద కూర్చుని మొహం కొంగులో దాచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తల్లికి కూడా తెలియలేదు.

లోపల పిల్లల్లో ఒకళ్ళు లేచి ఏడుపందుకున్నారు. ప్రసూన గబుక్కున లేవబోయింది.

"కూర్చో. నేను చూస్తాను," అని ఆదిశేషు చెప్పులు విడిచి, పిల్లలు లేవకుండా మెల్లగా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది.

వెంకటరావమ్మ తలుపు వంక చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత దొడ్డి గోడ దగ్గరికి వెళ్ళి, పక్కింటి రాజ్యాన్ని పిలిచింది.

"ఒసే రాజ్యం, ఒక సోలెడు బియ్యం ఇటియ్యి. మా అల్లుడు అన్నం తిని వెళ్తాడు."